గుండె ఆగి బతికాను, ఇప్పుడు ఇంట్లో ఒక్క క్షణం ఒంటరిగా వదలడం లేదు. మీరెలా దాటారు?

కొత్తపొద్దు
ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూనే కుప్పకూలిపోయానని చెబుతారు. నాకు ఏమీ గుర్తు లేదు. ఆ రోజే కాదు, అంతకు ముందు రోజులు కూడా చాలావరకు చెరిగిపోయాయి. తోటి ఉద్యోగి ఒకతను ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడని, ఇంకొకరు పరుగెత్తి ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే) యంత్రం తెచ్చారని, అంబులెన్సు వచ్చేలోగానే షాక్ ఇచ్చారని తర్వాత తెలిసింది. గుండె ముందు భాగానికి వెళ్లే పెద్ద రక్తనాళం పూడుకుపోయిందట, స్టెంటు వేశారు. ఇంటికి వచ్చి కొన్ని నెలలైంది. ఎకో అనే గుండె స్కానులో ఈఎఫ్ (గుండె ఒక్కసారి కొట్టుకుంటే తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో చెప్పే లెక్క) మొదట 35 శాతం ఉండేది, ఇప్పుడు 45కి వచ్చింది. డాక్టరు సంతోషంగానే ఉన్నారు.

నా బాధ వేరు. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టవద్దంటారు. రాత్రి మెలకువ వచ్చి చూస్తే మావారు నా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తుంటారు. మా అమ్మాయి తన చదువు పక్కన పెట్టి నా వెనకే తిరుగుతోంది. వీళ్లు లేకపోతే నేను లేను, ఆ సంగతి నాకు తెలుసు. అయినా విసుగు వస్తోంది. విసుక్కున్నాక ఏడుపు వస్తోంది.

ఇంకొకటి. నన్ను బతికించిన ఆ తోటి ఉద్యోగి ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. ఫోను చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తున్నాడు. ఎందుకో అర్థం కావడం లేదు. ఈ దశ దాటినవాళ్లు ఉంటే చెప్పండి.

మెట్లదారి
విసుగు వేరు, కృతజ్ఞత లేకపోవడం వేరు. ముందు ఆ రెండింటినీ విడదీయండి. స్టెంటు వేయించుకుని ఇంటికి వచ్చిన కొత్తలో మా పిల్లలు నన్ను టీవీ రిమోటు తప్ప ఏదీ ఎత్తనివ్వలేదు. కనీసం చానెల్ అయినా నా ఇష్టమే కదా అని సంతోషపడ్డాను.

నాలుగోగది
నేను అవతలి పక్షం మనిషిని. మావారి గుండె ఆగింది ఇంట్లోనే, నిద్రలో. గురకలా వింత చప్పుడు వస్తే లేచాను. నోరు తెరుచుకుని, ఆగి ఆగి గాలి ఎగబీలుస్తున్నారు. ఫోనులో అంబులెన్సు వాళ్లు అది మామూలు శ్వాస కాదని వెంటనే పట్టుకున్నారు. నేల మీదికి దించమన్నారు. ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి బలంగా, వేగంగా నొక్కమన్నారు. నాతోపాటు పైకి లెక్కపెట్టారు. పక్కటెముక విరిగిన చప్పుడు నా చెవులతో విన్నాను. భయపడి ఆ మాట చెబితే, "ఆపకండి, ఎముక అతుక్కుంటుంది" అన్నారు. ఆపలేదు.

ఆయనకు ఆ రాత్రి తాలూకు ఒక్క క్షణం కూడా గుర్తు లేదు. నాకు మొత్తం గుర్తుంది. ఆయన నన్ను చూసి "బాగానే ఉన్నానుగా, ఎందుకు అంత కంగారు" అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకే ఘటన ఇద్దరికీ జరిగింది, కానీ ఒకరే చూశారు. మీరు కూలిపోవడం మీవారు చూడకపోవచ్చు గానీ, ఐసీయూ తలుపు బయట కూర్చున్నారు కదా. ఆ వేలు మీ కోసం పెట్టింది కాదు, ఆయన తన కోసం పెట్టుకున్నది. మీ ఊపిరి తగిలితే ఆయనకు నిద్ర పడుతుంది.

గడియ విషయం మాత్రం కొన్నాళ్లు ఒప్పుకోండి తల్లీ. అదొక్కటి వాళ్లకు వదిలేసి, మిగతావి ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోండి.

కొత్తపొద్దు
నాలుగోగది గారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, లేచి వెళ్లి కాసేపు బయట నిలబడి వచ్చారు. ఐసీయూలో ఏమి చూశారో ఇన్నాళ్లూ ఆయనను నేను అడగనే లేదు.

నిమ్మచెట్టు
నా మాట కాస్త కటువుగా ఉంటుంది. మీ ఇంటివాళ్లు చేస్తున్నదే సరైనది. మా నాన్నగారికి బైపాస్ అయ్యాక మూడు నెలలు మంచం దిగనివ్వలేదు. అందుకే ఈ రోజు ఆరోగ్యంగా ఉన్నారు. గుండెతో ఆటలు వద్దు. ఈ నడకలూ వ్యాయామాలూ అన్నీ తర్వాత చూసుకోవచ్చు.

నడకలెక్క
నిమ్మచెట్టు గారి ప్రేమ అర్థమవుతోంది. కానీ ఇది తప్పు సలహా, గట్టిగానే చెప్పాలి. నేను గుండె రోగుల పునరావాస విభాగంలో నర్సును. గుండె జబ్బు నుంచి కోలుకునేవాళ్లతో వ్యాయామం చేయించడమే మా పని.

బైపాస్ వేరు, స్టెంటు వేరు. బైపాస్‌లో రొమ్ము ఎముకను కోసి తీగలతో కడతారు. అది అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అందుకే బరువులు ఎత్తవద్దంటారు, దగ్గు వస్తే దిండును ఛాతీకి అదుముకుని దగ్గమంటారు. అప్పుడు కూడా మంచం మీదే ఉండమని ఎవరూ చెప్పరు. ఆపరేషన్ అయిన మర్నాడే కుర్చీలో కూర్చోబెట్టి, నడిపించడం మొదలుపెడతారు. మంచం పట్టి ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, కండ కరిగిపోవడం, పైగా భయం ముదరడం. స్టెంటు వేసినవాళ్లకు ఎముక కోత ఉండదు కాబట్టి ఇంకా త్వరగా నడవాలి.

ఎంత నడవాలి? వేగంగా నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అదే మోతాదు. రెండు మాటలకు ఆయాసం వస్తే తగ్గించాలి. మా దగ్గర శ్రమ ఎంతగా అనిపిస్తోందో 6 (శ్రమే లేదు) నుంచి 20 (ఇక చేయలేను) దాకా ఉన్న బోర్గ్ కొలతలో చెప్పమంటాం. చాలామందికి 11 నుంచి 14 మధ్య సరిపోతుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లలో గుండె వేగం పెద్దగా పెరగదు, అందుకే నాడి ఒక్కటే చూసుకుంటే మోసపోతాం. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో మొదట్లో కొలిచి, చివర్లో మళ్లీ కొలుస్తాం. ఆ తేడా చూసుకున్నప్పుడు రోగి ముఖం ఒకలా, పక్కన నిలబడ్డ ఇంటివాళ్ల ముఖం ఇంకొకలా మారుతుంది.

కొత్తపొద్దు గారూ, మీవారిని ఒకసారి పునరావాస వ్యాయామ తరగతికి వెంట తీసుకెళ్లండి. ఈసీజీ తీగలు తగిలించుకుని మీరు ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ, చెమట పడుతూ, నవ్వుతూ ఉండగా ఆయన చూడాలి. మేము ఎన్ని మాటలు చెప్పినా రాని ధైర్యం దానితో వస్తుంది.

నిమ్మచెట్టు
నాన్నగారి కాళ్లు అప్పట్లో బాగా సన్నబడ్డాయి, నిజమే. అయినా ఇంట్లో భయపడేవాళ్లను తప్పు పట్టడం నాకు నచ్చలేదు.

నడకలెక్క
తప్పు పట్టడం లేదమ్మా. భయానికి చేతినిండా పని ఇవ్వమంటున్నాను. ఛాతీ నొప్పి వస్తే ఏమి చేయాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. కూర్చోబెట్టాలి. డాక్టరు రాసిచ్చిన నైట్రోగ్లిసరిన్ నాలుక కింద వేయాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోయినా, పెరిగినా అంబులెన్సుకు ఫోను చేయాలి. మనిషి స్పృహ తప్పి, శ్వాస మామూలుగా లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఏమి చేయాలో తెలిసినవాళ్లు నిద్రపోయే మనిషి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడరు.

దూరపుకొండ
కొత్తపొద్దు గారి రెండో బాధ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ తోటి ఉద్యోగి సంగతి.

నేను ఒకసారి బస్సు కోసం నిలబడ్డ చోట ముక్కూమొహం తెలియని పెద్దాయనకు సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) చేశాను. నాతో ఇంకో అమ్మాయి ఉంది, ఇద్దరం వంతులవారీగా నొక్కాం. అంబులెన్సు వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. ఆయన బతకలేదని తర్వాత తెలిసింది. వారాల తరబడి నా అరచేతుల్లో ఆ ఛాతీ దిగడం తెలుస్తూనే ఉండేది. సరిగ్గా నొక్కానా, ఇంకా లోతుగా నొక్కాల్సిందా, ఆలస్యం చేశానా అని రాత్రంతా అదే లెక్క. అందరూ "గొప్ప పని చేశావు" అనేవారు. ఆ మాట వింటే అక్కడి నుంచి లేచిపోవాలనిపించేది.

మీ సహోద్యోగి మనిషిని బతికించాడు, నా కథ అలా ముగియలేదు. అయినా అతను చూసింది మీరు నవ్వుతూ ఫోనులో మాట్లాడుతున్న ముఖం కాదు. నీలి రంగుకు తిరిగిన ముఖం. మీ గొంతు వినగానే అదే కళ్ల ముందుకు వస్తుందేమో. మీ మీద అయిష్టం అయి ఉండదు. ఫోను వద్దు. చిన్న సందేశం రాయండి. "జవాబు ఇవ్వక్కర్లేదు" అని అందులోనే చెప్పండి. మీరే దేవుడు, ప్రాణదాత అనే మాటలు పెట్టకండి, అవి మోయలేని బరువు. ఈ రోజు ఎంత దూరం నడిచారో, ఏమి చేశారో అదే రాయండి.

మెట్లదారి
దూరపుకొండ గారూ, మీరు చేసింది చిన్న విషయం కాదు. ఆయన ఒంటరిగా పోలేదు. అది మీవల్లే.

నడకలెక్క
దూరపుకొండ గారికి నేనూ ఒక మాట చెప్పాలి. ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో ఎక్కువమంది, ఎంత బాగా సీపీఆర్ చేసినా బతకరు. అది చేతుల లోపం కాదు. అసలు చేయకపోతే మాత్రం, షాక్‌తో సరిచేయగల లయలో ఉన్న గుండెకు ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. మీరు ఆ నిమిషాలను ఆయన కోసం పట్టి ఉంచారు.

చాలా ఏళ్లు మా పాఠాల్లో ప్రాణరక్షణ గొలుసు, అంటే గుండె ఆగిన మనిషిని కాపాడే పనుల వరుస, ఆసుపత్రి చికిత్సతో ముగిసేది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాల్లో ఆరో లంకె చేర్చింది: కోలుకోవడం. రోగి, ఇంటివాళ్లు మాత్రమే కాదు, సీపీఆర్ చేసినవాళ్లతో కూడా తర్వాత కూర్చుని మాట్లాడాలని, వాళ్లకూ మానసిక సాయం అందాలని అందులో ఉంది. మీరు అప్పుడు ఎవరితోనైనా మాట్లాడారా? లేకపోతే ఇప్పుడైనా మాట్లాడండి, ఆలస్యం ఏమీ కాలేదు.

దూరపుకొండ
ఇన్నాళ్లకు ఇక్కడే రాశాను. ఇంతవరకు ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

బంతిచుక్క
నేను కుర్రాణ్ని, నాకు తెలిసింది ఆటలే. 2021 జూన్ 12న యూరో కప్పులో డెన్మార్క్, ఫిన్లాండ్ ఫుట్‌బాల్ జట్లు ఆడుతుండగా డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలోనే పడిపోయాడు. గుండె ఆగింది. అక్కడే సీపీఆర్ చేసి, షాక్ ఇచ్చి బతికించారు. ఛాతీ లోపల ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే తానే షాక్ ఇచ్చే చిన్న యంత్రం) అమర్చారు. ఇటలీ లీగ్ నిబంధనలు దానితో ఆడనివ్వవు కాబట్టి అక్కడి జట్టును వదిలి, 2022 ఫిబ్రవరిలో ఇంగ్లండులో బ్రెంట్‌ఫర్డ్ తరఫున మళ్లీ బరిలోకి దిగాడు. ఏడాది కూడా గడవలేదు! అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్ 2023 జనవరి 2న మ్యాచ్‌లో పడిపోయాడు, అదే ఏడాది మళ్లీ ఆడాడు. కాబట్టి కొత్తపొద్దు గారూ, మీరూ లేచి పరుగెత్తగలరు!

ఊరట
బంతిచుక్కా, నీ ఉత్సాహం ముచ్చటగా ఉంది. కానీ పోలిక సరికాదు. హామ్లిన్‌కు ఛాతీ మీద దెబ్బ తగిలిన మరుక్షణం లయ తప్పిందని చెప్పారు, గుండె కండరం మొదట్నుంచీ ఆరోగ్యంగానే ఉంది. కొత్తపొద్దు గారికి రక్తనాళం పూడి కొంత కండరం దెబ్బతింది. ఇద్దరి గుండె ఆగినా, ఆగిన కారణం వేరు, తిరిగే దారి వేరు. నాకూ ఐసీడీ ఉంది, కానీ ఎరిక్సన్‌లా ఆడమంటే మా డాక్టరు నా ఫైలు మూసేస్తారు.

ఎరిక్సన్ కథలో నాకు ఎప్పుడూ గుర్తుండేది మ్యాచ్‌లోకి తిరిగి రావడం కాదు. అతనికి చికిత్స చేస్తుంటే తోటి ఆటగాళ్లు చుట్టూ వలయంగా, బయటికి ముఖం పెట్టి నిలబడ్డారు, కెమెరాలకు అతను కనబడకుండా. మనకు కూడా కొన్ని రోజులు అలా నిలబడేవాళ్లు కావాలి. కొన్ని రోజుల తర్వాత వాళ్లు పక్కకు జరగాలి కూడా.

బంతిచుక్క
సరే పెద్దాయనా, ఒప్పుకున్నాను. ఐసీడీ షాక్ ఇస్తే ఎలా ఉంటుంది? ఫోను జేబులో పెట్టుకోకూడదంటారు, నిజమేనా?

ఊరట
ఛాతీ మీద ఎవరో లోపలి నుంచి తన్నినట్టు ఉంటుంది. నాకు ఒకసారి వచ్చింది. అసలు షాక్ కంటే, మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న భయం ఎక్కువకాలం వేధించింది. మెట్లెక్కడం మానేశాను, మావిడను ముట్టుకోవడానికి కూడా జంకాను. మనస్తత్వ నిపుణురాలి దగ్గరకు వెళ్లాక కాస్త తేలికపడింది. ఒక్క షాక్ వచ్చి ఒంట్లో బాగానే ఉంటే డాక్టరుకు చెప్పాలి. వెంటవెంటనే వచ్చినా, కళ్లు తిరిగినా నేరుగా అంబులెన్సే. ఫోను వాడుకోవచ్చు, యంత్రానికి పదిహేను సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. చొక్కా పై జేబులో మాత్రం పెట్టుకోను.

సాయంకాలం
ఇక్కడ అడగవచ్చో లేదో. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నాను, నెలలు గడిచాయి. ఒంట్లో బాగుంది. రెండు రకాల రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాను, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతోంది. పన్ను కూడా తీయించుకోవాలి. ఒకటి ఆపేద్దామనుకుంటున్నాను.

మెట్లదారి
ఆపవద్దు!

ఊరట
వద్దు. పన్ను కోసం అసలే వద్దు.

నడకలెక్క
సాయంకాలం గారూ, మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. స్టెంటు లోహం. దాని మీద శరీరం తన సొంత పొరను అల్లుకునే దాకా అక్కడ రక్తం గడ్డకట్టే గుణం ఉంటుంది. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ గుండెపోటు తర్వాత సాధారణంగా ఏడాది దాకా ఇచ్చేది అందుకే. రక్తస్రావం ముప్పు ఎక్కువున్నవాళ్లకు గుండె డాక్టరే ముందుగా తగ్గిస్తారు, ఆ నిర్ణయం ఆయనదే. పన్ను చాలాసార్లు మాత్రలు ఆపకుండానే తీస్తారు. పళ్ల డాక్టరుకు ముందే చెప్పండి, ఇద్దరు డాక్టర్లనూ ఒకరితో ఒకరిని మాట్లాడించండి. మలం నల్లగా వచ్చినా, రక్తం ఆగకపోయినా వెంటనే వెళ్లండి.

సాయంకాలం
రేపే ఫోను చేస్తాను. ఇంకో సంగతి, పొద్దున లేవాలనిపించదు. కారణం లేకుండా కళ్లలో నీళ్లు వస్తాయి. ఇదీ మాత్రల వల్లేనా?

నడకలెక్క
బీటా బ్లాకర్ నీరసం తెస్తుంది, కొందరికి. కానీ మీరు చెబుతున్నది దిగులు కావచ్చు. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి చికిత్స అవసరమైనంత దిగులు వస్తుంది. పట్టించుకోకపోతే మాత్రలు మానేస్తారు, నడక మానేస్తారు, గుండె మీదే దెబ్బ పడుతుంది. గుండెకు ఇబ్బంది లేని మందులు ఉన్నాయి, మాటలతో చేసే వైద్యం ఉంది. డాక్టరుకు పన్ను సంగతితో పాటే ఇదీ చెప్పండి. దయచేసి దాచకండి.

నాలుగోగది
సాయంకాలం గారూ, మీ ఇంట్లో ఎవరున్నారు? రాత్రి ఒంటరిగా అనిపిస్తే ఇక్కడికి రండి. నాకు ఎలాగూ నిద్ర పట్టదు, జవాబు ఇస్తాను.

కొత్తపొద్దు
చాలా రోజుల తర్వాత వచ్చాను. మావారిని పునరావాస తరగతికి తీసుకెళ్లాను. నడకలెక్క గారు చెప్పినట్టు ట్రెడ్‌మిల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొదట తెర మీది ఈసీజీనే చూశారు. తర్వాత నన్ను చూశారు. ఇంటికి వచ్చాక ఒప్పందం చేసుకున్నాం: గడియ పెట్టను, పొద్దుటి నడకకు మాత్రం ఒంటరిగా వెళ్తాను, ఫోను చేతిలో ఉంటుంది. మా అమ్మాయి చదువుకు తిరిగి వెళ్లింది. వెళ్లే ముందు చాలా పోట్లాడింది, అది వేరే కథ.

మతిమరుపు మాత్రం ఇంకా ఉంది. చెప్పిందే చెబుతున్నానని అంటారు. పుస్తకంలో రాసుకుంటున్నాను. ఇది తగ్గుతుందా?

నడకలెక్క
గుండె ఆగినప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందదు. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగం దానికి చాలా త్వరగా దెబ్బతింటుంది. మొదటి నెలల్లో మెరుగు ఎక్కువగా కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కానీ అప్పుడే ఆగిపోతుందని కాదు. పుస్తకం మంచి పద్ధతి. జ్ఞాపకశక్తిని పరీక్షించి తర్ఫీదు ఇచ్చేవాళ్లు ఉంటారు, అడగండి. ఉద్యోగానికి వెళ్లేలోపే అడగండి. ఆయాసం లేని పనిలో కూడా మెదడు అలసిపోతుంది, అందుకే మొదట సగం పూట చొప్పున వెళ్లడం మేలు.

నిమ్మచెట్టు
నాకో సందేహం. సీపీఆర్ నేర్చుకోనివాళ్లు ముట్టుకోకూడదు కదా? తప్పుగా నొక్కితే ప్రాణం పోదూ?

ఊరట
గుండె ఆగిన మనిషికి అంతకంటే పోయేది ఏముందమ్మా.

నాలుగోగది
నేనేమీ నేర్చుకోలేదు, నిమ్మచెట్టు గారూ. ఫోనులో చెబుతుంటే చేశాను. మావారు పక్క గదిలో పేపరు చదువుకుంటున్నారు.

నడకలెక్క
నోటితో గాలి ఊదడం రాకపోయినా ఫరవాలేదు, పెద్దవాళ్లకు నొక్కడం ఒక్కటే చేసినా మేలు జరుగుతుంది. కనీసం ఐదు సెంటీమీటర్లు దిగాలి, ఆరు దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారి ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఎంత బలవంతులైనా అలసిపోతారు. ఏఈడీ యంత్రం గుండె లయను తానే చూసుకుని, అవసరమైతేనే షాక్ ఇస్తుంది. ఏమి చేయాలో గొంతుతో చెబుతుంది. వీలుంటే ఒకసారి నేర్చుకోండి, పిల్లలకు కూడా నేర్పించండి. పన్నెండేళ్ల పిల్లలు బాగా చేస్తారు.

బంతిచుక్క
మా క్రీడా మైదానంలో ఏఈడీ ఉందని ఈ చర్చ చదివాకే వెతికాను. ఆఫీసు గది బీరువాలో ఉంది, బీరువాకు తాళం. తాళంచెవి ఉన్నాయన సాయంత్రం వెళ్లిపోతారు. మేము ఆడేది సాయంత్రమే!

మెట్లదారి
వెంటనే బయట పెట్టించు నాయనా. పోట్లాడైనా సరే.

బంతిచుక్క
అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. గేటు దగ్గర గోడకు, తాళం లేని పెట్టెలో పెట్టడానికి ఒప్పుకున్నారు.

నడకలెక్క
చాలా మంచి పని. పెట్టేటప్పుడు ఛాతీకి అంటించే ప్యాడ్ల మీద గడువు తేదీ చూడు, గడువు దాటితే సరిగ్గా అంటుకోకపోవచ్చు. బ్యాటరీ దీపం పచ్చగా వెలుగుతోందో లేదో వారానికోసారి చూసే బాధ్యత ఒకరి పేరు మీద రాయించు. పక్కనే కత్తెర, పొడి గుడ్డ కూడా పెట్టండి. చెమట పట్టిన ఛాతీని తుడవకుండా ప్యాడ్లు అంటించకూడదు.